సర్పంచ్ గారు ‘పనితీరు ఒప్పందం’ రాసి తెమ్మన్నారు. అందులో ఏం ఉండాలి?

కార్యదర్శి_2019 | శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. పాత కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరికి పంచాయతీ కార్యదర్శిని. జనాభా 2,100 పైచిలుకు, మల్టీపర్పస్ వర్కర్లు నలుగురు, వీధిదీపాల స్తంభాలు 168. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారి పాలనలో ఉన్నాక డిసెంబరు ఎన్నికల్లో కొత్త పాలకవర్గం వచ్చింది. సర్పంచ్ గారు చదువుకున్న మనిషి, ఊరికి ఏదైనా చేయాలన్న పట్టుదల ఉంది. మొన్న పిలిచి, ‘తమ్మీ, ఏ పని ఎవరు ఎప్పటిలోగా చేయాలో కాగితం మీద రాసుకుందాం. నువ్వు, వర్కర్లు, లైట్లు చూసేటాయన అందరూ సంతకం పెట్టండి. నెలకోసారి మార్కులు వేద్దాం. మార్కులు తగ్గితే చర్య తీసుకుందాం’ అన్నారు.

ఆమె ఉద్దేశం మంచిదే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అలాంటి కాగితం కింద నేను నాలుగేళ్లు బతికాను.

2019 ఏప్రిల్‌లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా చేరాను. నెలకు 15,000. మూడేళ్లు ప్రొబేషన్ అన్నారు, తర్వాత నాలుగేళ్లు చేశారు. పనితీరు బాగోలేకపోతే తీసేయొచ్చని ఒప్పుకుంటూ సంతకం పెట్టి చేరాం. పొద్దున ఆరింటికి మురికి కాలువ దగ్గర ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. నర్సరీ, డంపింగ్ యార్డు, ఇంటి పన్ను వసూలు, ట్రాక్టర్ తిరిగిందా లేదా, అన్నిటికీ లెక్కే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. లేకపోతే సర్పంచ్ పదవికీ, కార్యదర్శి ఉద్యోగానికీ ఎసరే.

ఒక సంగతి చెబుతాను. మా చెరువు గట్టు మీద 400 మొక్కలు పెట్టాం. మే నెలలో ట్యాంకర్‌తో నీళ్లు పోయాలంటే డీజిల్ కావాలి. డీజిల్ చెక్కు ట్రెజరీకి పంపితే టోకెన్ నంబరు పడింది, డబ్బు పడలేదు. రెండు నెలలు బంకులో అప్పు చేశాను, మూడో నెల ఆయన ఇవ్వనన్నాడు. 130 మొక్కలు ఎండిపోయాయి. పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసి, ముందు రోజు రాత్రి నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి ఆ గుంతల్లో దించాం. కవర్లు కూడా కోయలేదు. పొద్దున లెక్క 90 శాతం దాటింది. వారం తిరిగేసరికి అవన్నీ మాడిపోయాయి. పోయిన మొక్కలతో పాటు నర్సరీలో పెరుగుతున్నవాటిని కూడా చంపుకున్నాం. ఆ తప్పు నాదే, ఇప్పటికీ గట్టు మీదుగా వెళ్తే గుర్తొస్తుంది.

ఇప్పుడు అదే కాగితం నా చేత్తో రాసి వర్కర్ల చేత సంతకం పెట్టించాలా? ఊరికి మేలు జరగాలి, ఎవరూ రాత్రికి రాత్రి గుంతలు నింపే గతి పట్టకూడదు. ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_రైతు | శనివారం, రాత్రి 10:15

రాయకండి అన్నా. జీతాలు టైముకు ఇస్తే పని అదే జరుగుతుంది.

ఆడిట్_మాస్టారు | శనివారం, రాత్రి 11:03

బాబూ, నేను స్థానిక నిధుల ఆడిట్‌లో పని చేసి రిటైరయ్యాను. పాలమూరు సోదరుడు అన్నంత తేలికగా నేను వదిలేయలేను. కాగితం లేని రోజులు కూడా చూశాను. ఏ పని ఎవరిదో తెలియక, వేసవిలో బోరు కాలిపోతే ఇరవై రోజులు ఊరు ఎండిన సంగతులు నా ఆడిట్ ఫైళ్లలో ఉన్నాయి. కాగితం ఉండాలి. అందులో ఏ అంకె పెడతామన్నదే అసలు విషయం.

నా అనుభవం చెబుతాను. 14వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2015 నుంచి 2020 వరకు, పంచాయతీల గ్రాంటులో 90 శాతం మామూలుగా, 10 శాతం పనితీరును బట్టి ఇవ్వాలన్నారు. మున్సిపాలిటీలకు 80, 20. పనితీరు అంటే ప్రధానంగా రెండు షరతులు: లెక్కలు ఆడిట్ అయి ఉండాలి, సొంత ఆదాయం అంతకు ముందు ఏడాది కంటే పెరగాలి. రెండూ న్యాయమైనవే. లెక్కలు సరిగా రాసుకోని పంచాయతీలు ఆ షరతు వల్లే పుస్తకాలు దుమ్ము దులిపాయి, అది నేను కళ్లారా చూశాను.

రెండోదాని దగ్గరే తేడా వచ్చింది. ఇంటి పన్ను డీసీబీ రిజిస్టర్ తెలుసుగా: డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. వసూలు శాతం పెరగడానికి రెండు దార్లు. ఇంటింటికీ తిరిగి వసూలు చేయడం ఒకటి. డిమాండ్‌నే తగ్గించడం రెండోది. తాళం వేసిన ఇళ్లు, కొత్తగా కట్టిన రెండో అంతస్తులు డిమాండ్‌లోకి ఎక్కించరు. భాగించే అంకె చిన్నదైతే శాతం పెద్దదవుతుంది కదా. నూటికి నూరు శాతం వసూలు చూపించిన ఒక ఊళ్లో వీధి వెంట నడిస్తే, లెక్కకెక్కని ఇళ్లు నాకే పాతిక దాకా కనిపించాయి. అక్కడి కార్యదర్శి చెడ్డవాడు కాదు. మార్చి 31 రాత్రి మిగిలిన బాకీ తన జేబులోంచి కట్టి రసీదులు కోసుకున్న మనిషి. ఆ రసీదులు చూపించి, ‘సార్, వచ్చే నెల వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటాను’ అన్నాడు. చాలామంది ఇవ్వలేదట.

కాబట్టి నీ కాగితంలో ఒక్క శాతమూ పెట్టకు. లెక్కపెట్టగలిగిన వస్తువులు పెట్టు. ‘వసూలు 95 శాతం’ అని కాదు, ‘ఊళ్లో ఉన్న ఇళ్లు ఇన్ని, రిజిస్టర్లో ఉన్నవి ఇన్ని, కట్టినవి ఇన్ని’. మూడు అంకెలూ పక్కపక్కన ఉంటే ఏదీ దాగదు.

కార్యదర్శి_2019 | ఆదివారం, ఉదయం 6:20

మాస్టారూ, ఆ మార్చి 31 రసీదులు మా మండలంలో కూడా చాలామంది కోసుకున్నారు. నేనూ ఒక ఏడాది 11 వేలు కట్టాను. ఇంట్లో చెప్పలేదు.

సాగరతీరం | ఆదివారం, ఉదయం 8:48

మాది విశాఖ, కాలనీ సంఘంలో పని చేస్తాను. పల్లె సంగతులు నాకు అంతగా తెలియవు గానీ వీధిదీపాల గురించి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో ఒక్క స్తంభం నిటారుగా మిగల్లేదు. పది రోజులు కొవ్వొత్తులే. ఆ తర్వాత ఈఈఎస్ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వచ్చి ఊరంతా ఎల్‌ఈడీలు పెట్టింది, 90 వేలకు పైనే. దానిది ఒప్పంద పద్ధతి: మున్సిపాలిటీ ముందుగా పెట్టుబడి పెట్టక్కర్లేదు. సంస్థే లైట్లు పెడుతుంది, ఏడేళ్లు చూసుకుంటుంది. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బులోంచి వాయిదాలు తీసుకుంటుంది. 2015 జనవరిలో అదే పద్ధతిని జాతీయ పథకంగా దేశమంతా మొదలుపెట్టారు. తుపాను తర్వాత ఖజానా ఖాళీగా ఉన్న నగరానికి ఆ వెలుగు అంత త్వరగా మామూలు టెండర్లతో వచ్చేది కాదని నా నమ్మకం. మా అత్తగారు ఆ లైట్లు వెలిగిన రోజు వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకున్నారు, ఆ తెల్లటి వెలుతురులో.

అందుకే ఒప్పందం అనగానే భయపడకండి తమ్ముడూ.

స్తంభం_నంబరు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

సాగరతీరం గారు చెప్పింది నిజం. దానికి రెండో వైపు నేను చెబుతాను. ఒక మున్సిపాలిటీలో (పేరు వద్దు) ఎలక్ట్రికల్ విభాగంలో పని చేశాను. మాకూ మిగులు మీద ఒప్పందం ఉండేది, వేరే ఏజెన్సీతో.

ఈ ఒప్పందాల గుండెకాయ ఒకటే: పాత ఖర్చు ఎంత అని ముందుగా ఒప్పుకునే అంకె. మేం బేస్‌లైన్ అంటాం. 100 పాత సోడియం లైట్లు, ఒక్కోటి 250 వాట్లు అనుకోండి. మొత్తం 25 కిలోవాట్లు. వాటి బదులు 120 వాట్ల ఎల్‌ఈడీలు 100 పెడితే 12 కిలోవాట్లు. మిగులు 13, అంటే సగానికి పైనే. కాగితం మీద అద్భుతం. కానీ ఆ 100 పాత లైట్లలో నిజంగా వెలుగుతున్నవి 70 అయితే? అప్పుడు పాత వాడకం 17.5 మాత్రమే, మిగులు 5.5. సగం ఆరిపోయి ఉంటే మిగులు అర కిలోవాటు. కానీ వాయిదా మాత్రం 13 మిగిలినట్టే కట్టాలి. మా దగ్గర సర్వే స్తంభాలను లెక్కపెట్టింది, వెలిగే లైట్లను కాదు. సర్వే పగలు జరిగింది. నేనే పక్కన నడిచాను. రాత్రి రండి అని అడగాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

జనానికి వెలుగు పెరిగింది, అది నిజమైన లాభం. కానీ బిల్లు అనుకున్నంత తగ్గలేదు కాబట్టి వాయిదాలు ఆలస్యమయ్యాయి. వాయిదాలు ఆగితే ఏజెన్సీ వాళ్లు నిచ్చెన బండి పంపడం మానేశారు. ఆరు నెలల్లో వార్డుల్లో చీకటి. కౌన్సిల్‌లో ఏజెన్సీని తిట్టారు, ఏజెన్సీ మా అకౌంట్స్ వాళ్లను చూపించింది. ఎవరిదీ పూర్తిగా అబద్ధం కాదు.

ఇంకోటి. ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో వీధి చివరి కంట్రోల్ ప్యానెల్‌లో కరెంటు చూసి అంచనా కడతారు. ప్యానెల్ ఒక్కో స్తంభాన్ని చూడదు, మొత్తం లోడు చూస్తుంది. మధ్యలో నాలుగు లైట్లు పోయి, ఎవరో నాలుగు బల్బులు అక్రమంగా తగిలిస్తే లోడు సరిపోతుంది. గుడి దగ్గర చీకటి, ప్యానెల్లో వెలుగు.

మీ 168 స్తంభాలకు పెయింటుతో నంబర్లు వేయించండి. రాత్రి ఎనిమిదింటికి నడిచి లెక్కపెట్టండి. ఒప్పందంలో ఆ లెక్కే ఉండాలి.

గోదారమ్మాయి | ఆదివారం, సాయంత్రం 6:12

కోనసీమ నుంచి. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేశాను. 2019 అక్టోబరు 2న కరపలో సచివాలయాలు మొదలైనప్పుడు మా బ్యాచ్ ఎంత ఉత్సాహంతో చేరిందో మాటల్లో చెప్పలేను. ఊరివాళ్లు మండలానికి పోయి క్యూలో నిలబడే పని తప్పింది, అది ఈ రోజుకీ గొప్ప మార్పే.

కానీ మా మెడ మీద ఒక గడియారం ఉండేది: ఎస్‌ఎల్‌ఏ. ప్రతి సర్వీసుకు ఇన్ని గంటలు, ఇన్ని రోజులని గడువు. దాటితే ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ’ లిస్టులో మన సచివాలయం ఎర్రగా కనిపిస్తుంది. ప్రతి పొద్దున వాట్సాప్ గ్రూపులో ఆ లిస్టు పడుతుంది. టెన్షన్ మామూలుగా ఉండదు.

ఒకామె, భర్త చనిపోయి మూడు నెలలు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం వచ్చింది. విచారణకు వెళ్లాల్సినవాళ్లకు వేరే డ్యూటీ పడింది. గడువు చివరి సాయంత్రం ఆమె దరఖాస్తు ‘పత్రాలు స్పష్టంగా లేవు’ అని తిరస్కరించబడింది. పత్రాలు అద్దంలా ఉన్నాయి, స్కాన్ చేసింది నేనే. మా సచివాలయం ఆ రోజు పచ్చగా ఉంది. మర్నాడు ఆమె మళ్లీ వచ్చి, ‘ఏం తప్పు చేశానమ్మా’ అని అడిగింది. మళ్లీ దరఖాస్తు చేయించాను, ఫీజు నేను కట్టాను. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరిగింది.

గడువు పెట్టండి అన్నా, తప్పకుండా పెట్టండి. కానీ తిరస్కరించినవి కూడా ఆలస్యమైనవాటితోనే లెక్కపెట్టండి. అప్పుడు తోసేయడం వల్ల ఎవరికీ లాభం ఉండదు.

నాల్గోవార్డు | ఆదివారం, రాత్రి 9:05

నేను పోయినసారి వార్డు మెంబరును. అందరి మాటలూ చదివాను. ఇంతమంది మాట్లాడారు, ఎవరూ నీళ్ల గురించి అడగలేదు. మా వాడ ఊరి చివర, పల్లంలో కాదు, మెరక మీద ఉంది. ట్యాంకు నిండినప్పుడు మొదట నిండేది పెద్ద వీధి. మా కుళాయికి వచ్చేసరికి సన్నటి ధార. మనిషికి రోజుకు వంద లీటర్లని మిషన్ భగీరథ తాగునీటి పథకం లెక్క. ట్యాంకులోకి ఎన్ని లీటర్లు ఎక్కాయో లెక్కుంది, దాన్ని ఊరి జనాభాతో భాగిస్తే వంద వస్తుంది. మా ఇంటికి ఎన్ని వచ్చాయో ఏ పుస్తకంలో ఉంది?

ట్యాంకు 1, 11, 21 తేదీల్లో కడగాలి. మా దగ్గర ట్యాంకు మీద తేదీ రాస్తారు. ఒకసారి 11 అని రాసి ఉంది. మా అబ్బాయి ఎక్కి చూస్తే అడుగున బురద. తేదీ ఒక్కటి మారింది, ట్యాంకు అట్లనే ఉంది.

మీ కాగితంలో చివరి ఇల్లు ఉండాలి తమ్మీ. మొదటి ఇల్లు ఎట్లాగూ బాగుంటది.

సఫాయన్న_కొడుకు | ఆదివారం, రాత్రి 10:40

ఈ చర్చ చదువుతుంటే మా నాన్న పక్కనే పడుకుని దగ్గుతున్నాడు. ఆయన మల్టీపర్పస్ వర్కర్. అందరూ కొలతల గురించి మాట్లాడుతున్నారు, కొలవబడే మనిషి గురించి చెబుతాను.

ఐదు వందల జనాభాకు ఒక మనిషి అని 2019లో లెక్క కట్టారు. జీతం 8,500, తర్వాత 9,500. జీవో 51తో మల్టీపర్పస్ అన్నారు. అంటే మోరీలు తీసే మనిషే ట్రాక్టర్ నడపాలి, స్తంభం ఎక్కాలి, నీళ్లు వదలాలి. మా నాన్నకు చీపురు తెలుసు, పార తెలుసు. కరెంటు పని తెలియదు. స్తంభాలెక్కి షాక్ కొట్టి చనిపోయిన కార్మికుల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఆ జీవో మార్చమని యూనియన్లు ఎన్నోసార్లు రోడ్డెక్కాయి.

రోజూ పొద్దున ఫొటో కోసం మా నాన్న ఒకే మోరీ దగ్గర నిలబడతాడు. అది పంచాయతీ ఆఫీసు ముందున్న మోరీ. ఫొటో బాగా వస్తుందని. నిజంగా నిండిపోయే మోరీ హోటల్ వెనక ఉంది, అక్కడ సిగ్నల్ రాదు. ఫొటో అయ్యాక ఆయన అక్కడికి పోయి రెండు గంటలు చేతులతో ఎత్తిపోస్తాడు. ఆ పని ఏ యాప్‌లోనూ లేదు. గ్లౌజులు అడిగితే బడ్జెట్ వచ్చాక అంటారు. జీతం ఒకోసారి మూడు నెలలకు ఒకసారి పడుతుంది.

మార్కులు వేస్తాం, తగ్గితే చర్య అంటున్నారు సర్పంచ్ గారు. జీతం ఆలస్యమైన నెలకు ఎవరికి మార్కులు తగ్గిస్తారు?

ఆడిట్_మాస్టారు | సోమవారం, ఉదయం 5:50

నాయనా, ఈ ప్రశ్న ముందే వేయాల్సింది. నేను అంకెల దగ్గరే ఆగిపోయాను.

కిగాలి_నుంచి | సోమవారం, ఉదయం 11:25

నేను రువాండా రాజధాని కిగాలిలో రోడ్డు పనుల్లో ఇంజనీరును, మాది గుంటూరు. ఇక్కడ పాలనంతా ఇలాంటి కాగితం మీదే నడుస్తుంది కాబట్టి రాస్తున్నాను. దాన్ని ఇమిహిగో అంటారు. పాత కాలంలో వీరులు అందరి ముందు చేసే ప్రతిజ్ఞకు ఆ పేరు. 2006 నుంచి దాన్ని స్థానిక పాలనలోకి తెచ్చారు. జిల్లాల మేయర్లు ఏటా దేశాధ్యక్షుడితో సంతకం చేస్తారు: ఇన్ని కిలోమీటర్ల రోడ్డు, ఇన్ని తరగతి గదులు, ఇంతమందికి ఆరోగ్య బీమా. ఏడాది చివర ర్యాంకులు అందరి ముందూ చదువుతారు. పనులు కదులుతాయి, అది నేను రోజూ చూస్తున్నాను.

మొదట్లో కొలిచేది ప్రభుత్వ బృందాలే. తర్వాత బయటి పరిశోధన సంస్థకు, ఆపైన జాతీయ గణాంక సంస్థకు ఆ పని ఇచ్చారు. చేసేవాడు, కొలిచేవాడు వేరుగా ఉండాలన్న సంగతి వాళ్లకు అనుభవం మీద తెలిసింది. ఇప్పటికీ ఇక్కడి విమర్శ ఏమిటంటే, లక్ష్యాలు ఎక్కువగా పైనుంచి దిగుతాయి, కింద సంతకం పెట్టే మనిషికి కాదనే వీలుండదు. మీ ఊళ్లో సంతకానికి ముందు ‘ఇది నా వల్ల కాదు’ అని చెప్పే అవకాశం వర్కర్లకు ఇవ్వండి. ఆ ఒక్కటీ నాకు ఇక్కడ కనిపించని విషయం.

పాలమూరు_రైతు | సోమవారం, మధ్యాహ్నం 2:10

రువాండా దాకా ఎందుకు? కొలిచేవాళ్లు వేరుగా ఉండాలన్నది మన దగ్గరే ఉంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. మా ఊళ్లో మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, గట్టిగా చదివారు. ఊళ్లోలేని మనిషి పేరు రాగానే ‘ఆయన బొంబాయిలో ఉన్నడు’ అని నలుగురు లేచారు. ఏ యాప్ అయినా అట్ల లేస్తుందా? నేను మొదట రాయకండి అన్నాను. మాట మార్చుకుంటున్నా. రాయండి, కానీ గ్రామసభలో చదవండి. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, ఎట్లాగూ పెట్టాల్సిందే.

స్తంభం_నంబరు | సోమవారం, సాయంత్రం 4:45

పారిశుధ్యం, వీధిదీపాలు, మొక్కలు, పనులకు నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలి కదా మీ చట్టంలో. కొత్త పాలకవర్గం వచ్చాక అవి వేశారా? రాత్రి స్తంభాలు లెక్కపెట్టే పని వాళ్లకే ఇవ్వండి. మీరు లెక్కపెట్టకండి, మీ లెక్క మీరే రాసుకున్నట్టవుతుంది.

కార్యదర్శి_2019 | మంగళవారం, రాత్రి 10:30

అందరి మాటలూ ప్రింట్ తీసుకుని సర్పంచ్ గారి ఇంటికి వెళ్లాను. ఆమె సఫాయన్న కొడుకు రాసింది రెండుసార్లు చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘మార్కులు తీసెయ్యి’ అన్నారు. నేను అడగలేదు, ఆమే అన్నారు.

కాగితం మూడు వంతులుగా రాశాం. మొదటిది పంచాయతీ ఏం ఇస్తుందో: వర్కర్ల జీతం బిల్లు నెలాఖరుకల్లా ట్రెజరీకి పంపడం, పంపిన తేదీ, టోకెన్ పడిన తేదీ, డబ్బు పడిన తేదీ నోటీసు బోర్డు మీద రాయడం. డబ్బు రావడం మా చేతుల్లో లేదు, కానీ ఎక్కడ ఆగిందో ఊరికి తెలియాలి. గ్లౌజులు, బూట్లు, పారలు ముందు కొనాలి. అవి చేతికి రాకుండా ఆ పనికి వర్కర్ బాధ్యుడు కాడు. స్తంభం ఎక్కే పని వర్కర్లకు వద్దు. లైట్లు చూసే ఆయనతోనే చేయించాలి, ఆయన డబ్బు 15 రోజుల్లో ఇవ్వాలి. డీజిల్ లేని వారం మొక్కల లెక్క అడగకూడదు. ఇది రాస్తున్నప్పుడు నా చెయ్యి వణికింది, నిజం చెబుతున్నా.

రెండోది మేం ఏం చేస్తామో. శాతాలు లేవు మాస్టారూ. మోరీలకు ఫొటోలు లేవు. పైవాళ్ల యాప్ పైవాళ్లకు నడుస్తుంది, దానికి తప్పదు. మా కాగితంలో హోటల్ వెనక మోరీ పేరు పెట్టి రాశాం. తిరస్కరించిన దరఖాస్తులు ఆలస్యమైనవాటి పక్కనే రాస్తాం. ఎండిన మొక్క ఎండిందనే రాస్తాం, ఏ నెలలో ఎందుకు ఎండిందో కూడా.

మూడోది ఎవరు కొలుస్తారో. స్తంభాలు కమిటీ లెక్కపెడుతుంది. నీళ్ల లెక్క మాత్రం తేలలేదు. ఎక్కడ కొలవాలన్న దగ్గర ఉపసర్పంచ్ గారికి, సర్పంచ్ గారికి మాట కుదరలేదు. పెద్ద వీధిలో వద్దంటే పెద్ద వీధివాళ్లు నొచ్చుకుంటారట. నాల్గోవార్డు అక్కా, మీరేమంటారు?

నాల్గోవార్డు | మంగళవారం, రాత్రి 11:15

ఊళ్లో ఆఖరి కుళాయి ఎవరిదో వాళ్లింటి ముందు. బిందె పెట్టి గడియారం చూడాలి. నీళ్లు ఎన్నింటికి వచ్చినయో, బిందె ఎంతసేపట్లో నిండిందో, ఎన్నింటికి ఆగినయో. రాసేది ఆ ఇంటి ఆడమనిషి. మీరు కాదు, వాటర్‌మన్ కాదు. క్లోరిన్ ఉందో లేదో తెలిపే పరీక్ష చుక్కలేసి రంగు కూడా అక్కడే చూడాలి, ట్యాంకు కింద కాదు. పెద్ద వీధివాళ్లు నొచ్చుకుంటే వాళ్ల కుళాయి దగ్గర కూడా ఇంకో పుస్తకం పెట్టుకోమనండి. రెండు పుస్తకాలు గ్రామసభలో పక్కపక్కన చదువుదాం.

గోదారమ్మాయి | బుధవారం, ఉదయం 7:30

అక్కా, ఇది మా ఊళ్లో కూడా చెబుతాను.

సఫాయన్న_కొడుకు | బుధవారం, ఉదయం 8:02

నాన్నకు చదివి వినిపించాను. బూట్లు అడుగు జారనివి కొనమన్నాడు, సైజు 8.

కార్యదర్శి_2019 | ఇరవై రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 8:50

గ్రామసభ అయింది. కాగితం తీర్మానంగా పాసైంది. వర్కర్లలో ఇద్దరు సంతకం పెట్టారు, ఇద్దరు ఈసారి జీతం పడ్డాక పెడతామన్నారు. సర్పంచ్ గారు సరే అన్నారు, మొదటి వంతు కింద తన సంతకం మాత్రం ముందే పెట్టారు.

168 స్తంభాల్లో కమిటీ రాత్రి లెక్కకు వెలిగినవి 121. నా రిజిస్టర్లో అంతకు ముందు నెల 160 అని ఉంది. అది కూడా చదివాను. కొందరు అరిచారు, పడ్డాను.

ఆఖరి కుళాయి పుస్తకంలో వారం లెక్క ఇది: నీళ్లు వచ్చేసరికి రోజూ 7 దాటుతోంది, బిందె నిండటానికి 6 నుంచి 9 నిమిషాలు, అరగంటలో ఆగిపోతున్నాయి. రెండు రోజులు క్లోరిన్ పరీక్ష చుక్కలకు రంగే రాలేదు. పెద్ద వీధి పుస్తకంలో బిందె ఒకటిన్నర నిమిషంలో నిండింది. రెండూ చదివాక పెద్ద వీధివాళ్లే లేచి, ‘మధ్యలో వాల్వు పెడితే పొద్దున గంటసేపు మాకు తగ్గించి అటు వదలండి’ అన్నారు.

జీతం బిల్లుకు టోకెన్ పడింది, డబ్బు ఇంకా పడలేదు. బోర్డు మీద అదే రాశాను. బూట్లు వచ్చాయి.

మెరక మీదున్న వాడకు విడిగా నీళ్లు వదలడానికి మూడంగుళాల లైనుకు స్లూయిస్ వాల్వు పెట్టాలి. స్తంభం_నంబరు అన్నా, మీకు నీటి సరఫరా ఇంజనీర్లు ఎవరైనా తెలిస్తే అంచనా వేయించి పెట్టగలరా? లైను కొలతలు రేపు పొద్దున పంపుతాను.